మానవాళిపై నేరం: చట్టం ఈ మాటను ఎప్పుడు వాడుతుంది, ఎప్పుడు వాడదు

2025 నవంబర్ 17న ఢాకాలోని ఒక ట్రిబ్యునల్ బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనాకు, ఆమె కోర్టులో లేకుండానే, మరణశిక్ష విధించింది. నేరం పేరు మానవాళిపై నేరాలు. అదే ఏడాది మార్చి 11న ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు రొడ్రిగో డుటెర్టేను మనీలాలో పట్టుకుని, ఆ రాత్రే విమానం ఎక్కించి ది హేగ్‌కు పంపారు. అక్కడా నేరం పేరు అదే. అంతకుముందు ఏడాది ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద వచ్చిన వారెంటులోనూ ఆ మాట ఉంది.

మన పత్రికల్లో ఈ మాటకు ఒక స్థిరమైన తెలుగు కూడా కుదరలేదు. మానవత్వంపై నేరాలు అని ఒకరు, మానవాళికి వ్యతిరేక నేరాలు అని ఒకరు రాస్తారు. మానవత్వం గుణం, మానవాళి జనం. మూలంలోని మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి కాబట్టి రెండూ తప్పు కాదు. చిక్కంతా పక్క మాటలతో వస్తుంది. నరమేధం, మారణహోమం, యుద్ధ నేరం అన్నీ ఒకే వార్తలో ఒకదాని బదులు ఒకటి దొర్లిపోతుంటాయి.

రోజువారీ మాటల్లో వీటిని కలిపేసినా కొంప మునిగేదేమీ లేదు. కోర్టులో అలా కుదరదు. వందల మంది చనిపోయినా ఈ అభియోగం వీగిపోవచ్చు, ఒక్క హత్యకే నిలవచ్చు, అసలు ఎవరూ చనిపోకుండానే నిలవచ్చు. ఈ నేరంలో చట్టం మొదట చూసేది ఆ పని దేనిలో భాగంగా జరిగిందని. ఎంత ఘోరంగా జరిగిందన్న లెక్క తర్వాతే.

పని ఒకటి, దాని నెత్తిన టోపీ ఒకటి

ఇవాళ అందరూ ఆధారపడే నిర్వచనం 1998 జులై 17న రోమ్‌లో ఆమోదించిన ఒప్పందంలోని ఏడో అధికరణంలో ఉంది. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం నుంచే అంతర్జాతీయ నేర న్యాయస్థానం, అంటే ఐసీసీ, పుట్టింది. ఐసీసీ అంటే మనకు ముందు క్రికెట్ గుర్తొస్తుంది, ఏం చేస్తాం. అదే ది హేగ్‌లో ఐసీజే అని ఇంకో కోర్టు కూడా ఉంది. అది దేశాల మధ్య వ్యాజ్యాలు వింటుంది, ఎవరినీ జైలుకు పంపదు. ఐసీసీ విచారించేది వ్యక్తులను.

ఏడో అధికరణం సారం ఇది: ఏ పౌర జనాభా మీదనైనా జరిగే విస్తృతమైన లేదా క్రమబద్ధమైన దాడిలో భాగంగా, ఆ దాడి సంగతి తెలిసి, కింద చెప్పిన పనుల్లో ఏది చేసినా అది మానవాళిపై నేరం. ఆ కింద పదకొండు రకాల పనుల జాబితా ఉంటుంది: హత్య, చిత్రహింస, బానిసత్వం, అత్యాచారం వగైరా.

జాబితాకు ముందున్న ఆ వాక్యాన్ని న్యాయవాదులు 'షాపో' అంటారు. ఫ్రెంచిలో టోపీ అని అర్థం (మనవాళ్లు ఒకరికొకరు పెట్టే టోపీ కాదు). హత్య అన్ని దేశాల్లోనూ నేరమే. దాని నెత్తిన ఈ టోపీ సరిగ్గా కూర్చుంటేనే అది అంతర్జాతీయ నేరం అవుతుంది. కాబట్టి ప్రాసిక్యూటర్ రెండు విడి విషయాలు రుజువు చేయాలి. నిందితుడి పని ఒకటి, దాని చుట్టూ ఉన్న దాడి ఒకటి. కేసులు ఎక్కువగా విరిగేది రెండోదాని దగ్గరా, ఈ రెంటినీ కలిపే ముడి దగ్గరా.

ఒకే రాత్రి మూడు హత్యలు

ఉదాహరణకు ఒక పట్టణాన్ని ఊహించుకుందాం. అధికారంలో ఉన్నవాళ్లు పెంచి పోషించే ఒక సాయుధ ముఠా మూడు నెలలుగా ఒక మతంవారిని ఊరి నుంచి తరిమేస్తోంది. తలుపుల మీద గుర్తులు పెడుతున్నారు, మగవాళ్లను పట్టుకుపోతున్నారు, కొందరిని చంపుతున్నారు. ఒకే రాత్రి మూడు హత్యలు జరిగాయి.

మొదటిది, ముఠాలో ఒకడు ఆ మతానికి చెందిన కిరాణా కొట్టు యజమానిని కాల్చేశాడు. వాడు జీవితంలో చంపింది ఆ ఒక్కరినే. అయినా ఇది మానవాళిపై నేరమే. విస్తృతంగానో క్రమబద్ధంగానో ఉండాల్సింది దాడి. నిందితుడి పని ఒక్కటైనా సరిపోతుంది.

రెండోది పక్కింటాయన సంగతి. ముఠాతో సంబంధం లేదు, మతద్వేషమూ లేదు. పదేళ్లుగా గట్టు తగాదా ఉంది. ఇదే అదనని, పక్కవాడు ఎక్కడ దాక్కున్నాడో ముఠాకు కబురు పెట్టాడు. వాళ్లు వచ్చి చంపారు. ఇతని కన్ను పొలం మీద. కానీ ముఠా ఏం చేస్తోందో తెలుసు, తన కబురు అందులో కలిసిపోతుందని తెలుసు. చట్టానికి అంతే చాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ కోర్టుల ముందుకు ఇలాంటివే చాలా వచ్చాయి. గిట్టనివాళ్లను, ఆఖరికి కట్టుకున్నవాళ్లను కూడా, సొంత కారణాలతో నాజీ పోలీసులకు పట్టించిన కేసులవి. 1990ల యుగోస్లావియా యుద్ధాల నేరాలను విచారించడానికి ఐరాస పెట్టిన యుగోస్లావియా ట్రిబ్యునల్ 1999లో టాడిచ్ అనే నిందితుడి అప్పీలులో వాటిని ప్రస్తావించి, సొంత కక్షతో చేశానంటే తప్పించుకోలేరని తేల్చింది.

మూడోది, బారులో డబ్బు లెక్క దగ్గర మాటా మాటా పెరిగి ఒకడు స్నేహితుణ్ని పొడిచాడు. చనిపోయినవాడిదీ అదే మతం. ఊరంతా దాడి నడుస్తున్నా ఇది దానిలో భాగం కాదు, ఉత్త హత్య. ఇది తేలికే. కానీ పొడిచినవాడు 'ఈ గొడవల్లో వీడి గురించి ఎవడు అడుగుతాడులే' అనుకుని, శవాన్ని ముఠా చంపినట్టు పడేసి ఉంటే? అక్కడ కోర్టులు పని స్వభావాన్ని, పర్యవసానాలను చూస్తాయి. ఆ దాడి లేకపోయినా ఈ పని ఇలాగే జరిగేదా, దాడి దీనికి దారి ఇచ్చిందా, ఇది దాడికి బలం చేకూర్చిందా అని. ఈ ప్రశ్నకు సూత్రంలా ఒక జవాబు లేదు. కేసు కేసుకీ సాక్ష్యం చూసి తేల్చుకోవాల్సిందే.

'లేదా' కోసం రోమ్‌లో జరిగిన బేరం

దాడి అంటే తుపాకులు, ట్యాంకులే కానక్కర్లేదు. ఒక జనాభాను పట్టి పీడించే వరస చర్యలు చాలు. అది విస్తృతమా అన్నప్పుడు బాధితుల సంఖ్య, ప్రాంతం చూస్తారు. క్రమబద్ధమా అన్నప్పుడు పద్ధతి చూస్తారు: ఇవి యాదృచ్ఛికంగా జరిగి ఉండే వీలుందా, లేక ఒకే మూసలో పోసినట్టున్నాయా అని.

రోమ్ చర్చల్లో కొన్ని దేశాలు 'విస్తృతమైన మరియు క్రమబద్ధమైన' అని రెండూ ఉండాలని పట్టుబట్టాయి. అలా లేకపోతే ప్రతి అల్లరీ, నేరాల కెరటం ప్రతిదీ అంతర్జాతీయ నేరమైపోతుందని వాటి భయం. మిగతావాళ్లు 'లేదా' వదులుకోలేదు. చివరికి పైన 'లేదా' ఉంచారు. కింద రెండో ఖండికలో, దాడి అంటే అనేక చర్యల వరస అనీ, అది ఒక రాజ్యం లేదా సంస్థ విధానాన్ని అనుసరించి సాగాలనీ రాశారు. ముందు గుమ్మంలోంచి పంపేసిన 'మరియు'ను పెరటి తలుపులోంచి కొంత మేరకు లోపలికి తెచ్చినట్టే. ఇలా సర్దుబాటుగా వచ్చిన 'విధానం' అన్న మాట చుట్టూ పాతికేళ్లుగా వాదం ఆగలేదు.

విధానం: రాతలో ఉండదు, రుజువు మాత్రం కావాలి

'ఈ జనాన్ని చంపండి' అని ఎవరూ జీవో ఇవ్వరు. కాబట్టి విధానాన్ని పరోక్షంగానే రాబట్టాలి. పేర్ల జాబితాలు ఎవరు తయారు చేశారు, లారీలకు డీజిల్ ఎవరిచ్చారు, వేర్వేరు ఊళ్లలో పద్ధతి ఎందుకు ఒకేలా ఉంది, చేసినవాళ్లకు శిక్ష పడిందా బదిలీ మీద ప్రమోషన్ వచ్చిందా, శవాలను, రికార్డులను ఎవరు మాయం చేశారు. ఇలాంటి పొడి పొడి వివరాలను దారానికి గుచ్చినట్టు గుచ్చాలి.

ఐసీసీలో ఇది తప్పనిసరి. యుగోస్లావియా ట్రిబ్యునల్ మాత్రం 2002లో కునారాచ్ అప్పీలులో వేరే మాట చెప్పింది. దేశాల ఆచారం నుంచి వచ్చిన అంతర్జాతీయ చట్టంలో విధానం అనేది నేరాంశం (నేరం నిలవాలంటే తప్పక రుజువు చేయాల్సిన అంశం) కాదని, దాడి క్రమబద్ధమని చూపే సాక్ష్యంగా మాత్రమే పనికొస్తుందని. ఆ తీర్పు కారణాలు ఒక పాదసూచికలో సర్దేసిందని విమర్శకులు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. విధానం ఉండాల్సిందే అనేవాళ్ల వాదన ఇది: ఒక ప్రాంతంలో నేరాలు ఎన్ని పెరిగినా అవి పోలీసుల పని. రాజ్యమో రాజ్యంలాంటిదో జనం మీద పడినప్పుడే ప్రపంచం జోక్యం చేసుకోవాలి. అక్కర్లేదనేవాళ్లు అంటారు: వేలమంది మీద దాడి జరిగినట్టు తేలాక, వెనక పథకం దొరకలేదని నేరం పేరు మార్చడం హంతకులకు మేలు చేయడమే. రెండిటిలోనూ పస ఉంది.

మరి 'సంస్థ' అంటే? 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత కెన్యాలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2010 మార్చి 31న ఐసీసీ ధర్మాసనం దర్యాప్తుకు అనుమతిచ్చింది. జనం మీద ఇలాంటి దాడి చేయగల సత్తా ఉన్న ఏ గుంపైనా సంస్థే అంది. న్యాయమూర్తి హాన్స్ పీటర్ కౌల్ విభేదించారు. రాజ్యాన్ని పోలిన నిర్మాణం లేని రాజకీయ నాయకుల, తెగ పెద్దల కూటములను సంస్థ అంటే ఈ నేరానికి ఎల్లలే ఉండవన్నారు. ఆ కేసుల ముగింపు వేరే కారణంతో వచ్చింది. సాక్షులు వెనక్కి తగ్గారు, సాక్ష్యం చాల్లేదు. 2014 డిసెంబర్‌లో అప్పటి కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా మీది అభియోగాలు ఉపసంహరించారు, 2016 ఏప్రిల్‌లో అప్పటి ఉపాధ్యక్షుడు విలియం రూటో కేసు ఆగిపోయింది.

ఇంకో మెలిక మన దేశంలో అల్లర్లు చూసినవాళ్లకు వెంటనే తడుతుంది. ప్రభుత్వం ఏమీ చేయకుండా చూస్తూ ఊరుకుంటే అది విధానమా? ఐసీసీ నేరాంశాల పత్రంలో ఒక అడుగు నోట్ దీనికి జవాబిస్తుంది. దాడిని ప్రోత్సహించాలన్న స్పృహతో కావాలని చేతులు కట్టుకుంటే, అసాధారణ పరిస్థితుల్లో, అవును. కానీ పోలీసులు రాలేదన్న ఒక్క సంగతి నుంచే విధానం ఉందని తేల్చకూడదు. చేతకానితనానికీ కావాలని వదిలేయడానికీ మధ్య గీత గీయాలంటే ఫోన్ రికార్డులు, కంట్రోల్ రూమ్ లాగ్‌లు, బలగాల కదలికల ఆదేశాలు కావాలి. ముందు మాయమయ్యేవీ అవే.

ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిన మగవాళ్లు

'ఏ పౌర జనాభా మీదనైనా' అన్నప్పుడు ఆ 'ఏ' చాలా బరువైన మాట. సొంత దేశ పౌరులైనా సరే. యుద్ధ చట్టాలు ప్రధానంగా శత్రుదేశపు మనుషులను కాపాడడానికి పుట్టాయి. తన జనాన్ని తానే చంపుకునే ప్రభుత్వాన్ని పట్టుకోవడానికే ఈ కొత్త నేరం పుట్టింది.

'పౌర' అన్న మాట దగ్గర మాత్రం ఒవ్చారా కేసు చూడాలి. 1991 నవంబర్‌లో క్రొయేషియా పట్టణం వుకోవార్ యుగోస్లావ్ సైన్యం చేతికి చిక్కింది. నవంబర్ 20న ఆసుపత్రిలో ఉన్న మగవాళ్లను బస్సులెక్కించి ఒవ్చారా అనే వ్యవసాయ క్షేత్రానికి తీసుకెళ్లి, కొట్టి, ఆ రాత్రి గుంపులు గుంపులుగా కాల్చి చంపారు. తీర్పు గుర్తించిన మృతులు 194 మంది. చదివే ఎవరికైనా ఇది మానవాళిపై నేరమే అనిపిస్తుంది. 2007లో ట్రిబ్యునల్ కాదంది. వుకోవార్ పౌరుల మీద దాడి జరిగిన మాట నిజమే. కానీ వీళ్లను ఏరి తీసుకెళ్లింది క్రొయేషియా పోరాటయోధులన్న నమ్మకంతో, పౌరులని కాదు. అందుకే హత్య, చిత్రహింస యుద్ధ నేరాలుగానే నిలిచాయి. కల్నల్ మిలే మ్ర్క్‌షిచ్‌కు 20 ఏళ్లు పడ్డాయి.

2009 అప్పీలులో ఒక సవరణ వచ్చింది. ఆయుధం కిందపెట్టిన సైనికుడు కూడా ఈ నేరానికి బాధితుడు కావచ్చు, దాడి మొత్తంగా పౌరుల మీద సాగుతుంటే. అయినా ఇక్కడ చంపినవాళ్ల మనసులో ఇది ఆ పౌర దాడిలో భాగం కాదు, యుద్ధ ఖైదీల మీద కసి. ఫలితం మారలేదు. చనిపోయినవాళ్ల సంఖ్య, చంపిన తీరు ఏవీ మారకుండా, నేరం పేరు మాత్రం ముడి దగ్గర తెగిపోయింది.

నిందితుడికి ఎంత తెలియాలి అన్నదీ ఇక్కడే వస్తుంది. పథకం లోతుపాతులన్నీ తెలియనక్కర్లేదు. దాడి ఒకటి జరుగుతోందని, తన పని అందులో కలుస్తుందని తెలిస్తే చాలు. జైలు గేటు దగ్గర కూర్చున్న గుమాస్తాకు అధ్యక్షుడి మనసులో ఏముందో తెలియదు. లోపలికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదని తెలుసు.

పదకొండు పనుల్లో చిక్కు పెట్టేవి

హత్య, బానిసత్వం, అక్రమ నిర్బంధం, చిత్రహింస గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. లైంగిక నేరాలకు రోమ్ ఒప్పందం ఒక పెద్ద గది కేటాయించింది: అత్యాచారం, లైంగిక బానిసత్వం, బలవంతపు వ్యభిచారం, బలవంతపు గర్భం, బలవంతపు సంతాన నిరోధ శస్త్రచికిత్స. వర్ణవివక్ష పాలన కూడా జాబితాలో ఉంది. బలవంతపు అదృశ్యం అంటే ఎత్తుకుపోవడం ఒక్కటే కాదు. పట్టుకెళ్లి, తర్వాత 'మా దగ్గర లేడు' అని బుకాయించి, మనిషిని చట్టం నీడ నుంచే తప్పించేయడం.

సమూల సంహారం, సామూహిక హత్యలకు తేడా పరిమాణంలోనే కాదు. తిండి, మందులు అందకుండా చేసి జనాభాలో కొంత భాగాన్ని నాశనం చేసే పరిస్థితులు కల్పించడం కూడా దీని కిందికే వస్తుంది. 2024 నవంబర్ 21న ఐసీసీ ఇచ్చిన వారెంట్లను పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. హమాస్ సైనిక నేత మహమ్మద్ డెయిఫ్ మీద 2023 అక్టోబర్ 7 దాడికి సంబంధించి సమూల సంహారం కూడా చేర్చారు (ఆయన మరణం ధ్రువపడ్డాక 2025లో ఆ వారెంట్ రద్దయింది). నెతన్యాహు, ఇజ్రాయెల్ మాజీ రక్షణమంత్రి యోవ్ గలాంట్‌ల మీద ఆకలిని ఆయుధంగా వాడారన్న యుద్ధ నేరంతో పాటు మానవాళిపై నేరాలుగా హత్య, పీడన, ఇతర అమానుష చర్యలు చేర్చారు. సమూల సంహారం విషయంలో మాత్రం, తమ ముందున్న సామగ్రితో అన్ని అంశాలూ కుదిరాయని చెప్పలేమన్నారు. ఇజ్రాయెల్ ఈ ఆరోపణలన్నిటినీ, అసలు ఆ కోర్టు పరిధినే కొట్టిపారేస్తోంది. వారెంట్ అంటే శిక్ష కాదు. నమ్మదగిన ఆధారం ఉందన్న మెట్టు మాత్రమే.

దేశ బహిష్కారం, బలవంతపు తరలింపు ఒకే వరసలో రాసి ఉంటాయి గానీ మధ్యలో సరిహద్దు ఉంది. జనాన్ని దేశం దాటిస్తే మొదటిది, దేశంలోనే ఇంకోచోటికి నెడితే రెండోది. తోకలాంటి ఈ తేడా ఒక పెద్ద కేసుకు ప్రాణం పోసింది. మయన్మార్ ఐసీసీ సభ్యదేశం కాదు, బంగ్లాదేశ్ సభ్యదేశం. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. సరిహద్దు దాటించడం బహిష్కార నేరంలో ఒక అంశం. ఆ అంశం పూర్తయింది బంగ్లాదేశ్ నేల మీద. కాబట్టి తనకు పరిధి ఉందని 2018 సెప్టెంబర్ 6న కోర్టు చెప్పింది. మయన్మార్ ఊళ్లలోనే మొదలై అక్కడే ముగిసిన హత్యలకు ఈ దారి లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలు దాటొచ్చిన ఆ గీతే కేసుకు పునాది.

పీడన అంటే ఒక గుంపును ఆ గుంపు అయినందుకే మౌలిక హక్కులు లేకుండా చేయడం. రాజకీయం, జాతి, మతం, సంస్కృతి, లింగం ఏదైనా కారణం కావచ్చు. చంపనక్కర్లేదు. 2025 జులై 8న తాలిబాన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదా మీద, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీ మీద వచ్చిన వారెంట్లు ఈ నేరానికే. బడి, ఉద్యోగం, బయట తిరగడం మూయించిన ఉత్తర్వులు ఇక్కడ సాక్ష్యం. విధానం కోసం వెతుక్కోనక్కర్లేని అరుదైన కేసు ఇది. అంతా రాతలోనే ఉంది.

చివర్లో 'ఇతర అమానుష చర్యలు' అని ఒక ఖాళీ సంచి ఉంటుంది. ముందు రాయని నేరాలకు శిక్ష వేయకూడదన్న సూత్రానికి ఇది ఎదురుపోతుందని కొందరి అభ్యంతరం. లేకపోతే జాబితాలో లేని హింసను కనిపెట్టినవాడు తప్పించుకుంటాడని ఇంకొందరు. 2021 ఫిబ్రవరి 4న ఉగాండా తిరుగుబాటు కమాండర్ డొమినిక్ ఆంగ్వెన్‌ను 61 అభియోగాల్లో దోషిగా తేల్చినప్పుడు బలవంతపు పెళ్లిని ఈ సంచిలోనే వేశారు. అత్యాచారం, బానిసత్వం విడిగా లెక్కకొచ్చినా, ఇష్టం లేని మనిషి మీద 'భార్య' అన్న పేరు రుద్దడం వేరే గాయమని కోర్టు చెప్పింది.

నరమేధం, యుద్ధ నేరం: ఇరుగుపొరుగు నేరాలు

యుద్ధ నేరానికి సాయుధ సంఘర్షణ ఉండి తీరాలి. ఒక్క పని చాలు, విస్తృతి అక్కర్లేదు. నరమేధానికి, అంటే జాతి నిర్మూలన నేరానికి, యుద్ధం అక్కర్లేదు. కానీ ఒక జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ప్రత్యేక సంకల్పం రుజువు కావాలి. ఆ నాలుగే. రాజకీయ వర్గాలు, ఆర్థిక వర్గాలు 1948 నాటి నరమేధ ఒప్పందంలో లేవు.

అందుకే కాంబోడియా చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 1970ల చివర్లో అక్కడ సాగిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలనలో చనిపోయినవాళ్లలో అత్యధికులు ఖ్మేర్ జాతివారే, చంపినవాళ్లూ ఖ్మేర్‌లే. నామ్‌పెన్‌లో ఒకప్పటి బడిని ఎస్-21 జైలుగా మార్చారు. అక్కడ కనీసం 12,272 మంది ప్రాణాలు పోయాయని తీర్పు లెక్కగట్టింది. దాని అధిపతి డుయిక్‌కు 2010లో పడిన శిక్ష నరమేధానికి కాదు, మానవాళిపై నేరాలకూ యుద్ధ చట్టాల ఉల్లంఘనకూ. 2018 నవంబర్‌లో ఆ పాలన అగ్రనేతల్లో నువాన్ చియాను చాం ముస్లింల, వియత్నాం జాతివారి విషయంలో, ఖియూ సంఫాన్‌ను వియత్నాం జాతివారి విషయంలో మాత్రం నరమేధ దోషులుగా తేల్చారు. ఎంత పెద్ద సంఖ్య అన్నది ఈ విభజనను తేల్చలేదు. చచ్చినవాళ్లు చంపినవాళ్ల లెక్కలో ఎవరన్నది తేల్చింది.

దీన్నిబట్టి మానవాళిపై నేరం నరమేధం కంటే ఒక మెట్టు తక్కువ అనుకోకూడదు. అవి వేర్వేరు వస్తువులను కాపాడే వేర్వేరు నేరాలు. ఒకే సంఘటన మూడు పేర్ల కిందికీ రావచ్చు. ఒకే హత్యకు యుద్ధ నేరంగానూ, మానవాళిపై నేరంగానూ రెండు శిక్షలు రాయవచ్చు. దేనికదే రెండోదాంట్లో లేని ఒక అంశం కోరుతుంది కాబట్టి.

ఒక సెమీకోలన్ ఎగిరిపోయిన కథ

1915 మే 24న ఆర్మీనియన్ల హత్యలను ఖండిస్తూ బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా చేసిన ప్రకటనలో ఈ మాట వినిపించింది. చట్టంలోకి వచ్చింది మాత్రం నాజీ నేతల విచారణ కోసం రాసిన 1945 ఆగస్టు 8 నాటి నూరెంబర్గ్ చార్టర్‌తో. 'యుద్ధానికి ముందు గానీ, యుద్ధకాలంలో గానీ' పౌరుల మీద చేసిన అమానుష చర్యలు అని అందులో రాశారు. ఆ మాటల తర్వాత ఒక సెమీకోలన్, దాని తర్వాత పీడన గురించి. కోర్టు పరిధిలోని ఇతర నేరాలతో సంబంధం ఉండాలన్న షరతు చివర్లో. సెమీకోలన్ ఉన్నంతసేపు ఆ షరతు పీడనకే వర్తిస్తుంది. రష్యన్ ప్రతిలో అక్కడ కామా ఉంది. అక్టోబర్ 6న బెర్లిన్‌లో ఒక ప్రత్యేక ప్రోటోకాల్ మీద సంతకాలు చేసి, ఆ సెమీకోలన్ తీసేసి కామా పెట్టారు.

ఫలితంగా షరతు మొత్తానికీ అంటుకుంది. యుద్ధంతో ముడిపడనిదేదీ నేరం కాకుండా పోయింది. 1939కి ముందు జర్మనీలో యూదులకు జరిగినదాన్ని కోర్టు నేరంగా లెక్కలోకి తీసుకోలేకపోయింది. సొంత దేశాల్లో జాత్యహంకార చట్టాలున్న విజేతలకు ఆ కామా ఊరటనిచ్చే ఉంటుంది. అయినా ఒక యూదు వ్యతిరేక వారపత్రిక నడిపిన యూలియస్ స్ట్రైకర్‌ను దోషిగా నిలబెట్టింది ఈ ఒక్క నేరమే.

ఆ యుద్ధపు ముడి మెల్లగా వదిలింది. 1993 యుగోస్లావియా ట్రిబ్యునల్ శాసనంలో సాయుధ సంఘర్షణ షరతు మిగిలింది, 1994 రువాండా ట్రిబ్యునల్ శాసనంలో అది పోయి, దాడి వివక్షతో జరగాలన్న షరతు వచ్చింది, రోమ్‌లో రెండూ పోయాయి. డుటెర్టే కేసు నిలబడింది అందుకే. అక్కడ 'మాదకద్రవ్యాలపై యుద్ధం' అన్నది పేరుకే. యుద్ధం లేదు. పోలీసు ఆపరేషన్లలో ఆరు వేల మందికి పైగా చనిపోయారని ఆ ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. అరెస్టు వారెంట్ ఆధారపడింది కనీసం 43 హత్యల మీద. వేలకొద్దీ మరణాలు దాడి ఉందని చూపడానికి. ఆ 43 నిందితుడి దాకా తాడు కట్టడానికి.

ఢాకా, ఢిల్లీ

ఢాకా ట్రిబ్యునల్ పేరులో 'అంతర్జాతీయ' ఉన్నా అది బంగ్లాదేశ్ సొంత కోర్టు. 1971 యుద్ధ నేరాల కోసం 1973లో చేసిన చట్టం కింద పనిచేస్తుంది. ఆ చట్టపు తొలి నిర్వచనంలో 'విస్తృతమైన లేదా క్రమబద్ధమైన దాడి' అన్న టోపీ లేదు. 2024లో చట్టాన్ని సవరించారు. అభియోగాల్లో రంగ్‌పూర్‌లో ఒక విద్యార్థి హత్య, ఢాకాలో ఆరుగురి హత్య లాంటివి విడివిడిగా ఉన్నాయి. 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసిన 2024 విద్యార్థి ఉద్యమపు అణచివేత వాటి వెనక సందర్భం. నిర్మాణం మనం పైన చూసినదే. తేడాలు విచారణ, శిక్షల దగ్గర ఉన్నాయి. ఐసీసీ నిందితులు లేకుండా తుది విచారణ జరపదు, మరణశిక్ష వేయలేదు. తీర్పు రాజకీయ కక్ష అని హసీనా అంటున్నారు. బాధితులకు ఇది ముఖ్యమైన ఘట్టమన్న ఐరాస కార్యాలయం మరణశిక్షను మాత్రం తప్పుపట్టింది.

భారత్ రోమ్‌లో ఓటింగుకు దూరంగా ఉంది. అనుకూలం 120, వ్యతిరేకం 7, తటస్థం 21. కేసులు పంపే, ఆపే అధికారం భద్రతా మండలికి ఇవ్వడం, అణ్వాయుధాల వాడకాన్ని నేరాల్లో చేర్చకపోవడం మన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి. దేశీయ చట్టంలో ఈ నేరమే లేదు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు.

లేకపోతే ఏమవుతుంది? 2018 డిసెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు 1984 సిక్కుల ఊచకోత కేసులో మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం విధించింది. రాజ్‌నగర్‌లో ఐదుగురి హత్య, గురుద్వారా దహనం కేసది. మానవాళిపై నేరాలు గానీ నరమేధం గానీ మన నేర చట్టంలో లేవని, ఈ లొసుగును వెంటనే పూడ్చాలని తీర్పులో రాశారు. ఢిల్లీలోనే 2,733 మంది చనిపోయారన్న లెక్కను ఆ తీర్పే ఉటంకించింది. కానీ కోర్టు ముందున్నది ఆ ఐదు హత్యలే. చుట్టూ ఏం జరిగిందన్నది నేపథ్యమే తప్ప నేరాంశం కాలేదు. ఒక్కో ఎఫ్‌ఐఆర్ ఒంటరిగా నిలబడాలి, ఒక్కో సాక్షి 34 ఏళ్లు బతికుండాలి.

నరమేధానికి 1948 ఒప్పందం ఉంది, యుద్ధ నేరాలకు 1949 జెనీవా ఒప్పందాలున్నాయి. మానవాళిపై నేరాలకు ప్రత్యేక ఒప్పందం ఇప్పటికీ లేదు. ఐరాసకు చెందిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2019లో ముసాయిదా ఇచ్చింది. 2024 డిసెంబర్‌లో ఐరాస సర్వసభ్య సభ దాని మీద ఒప్పంద సదస్సు పెట్టాలని తీర్మానించింది. న్యూయార్క్‌లో 2028లో ఒక విడత, 2029లో ఒక విడత. ముసాయిదా రోమ్ నిర్వచనాన్నే, 'లేదా'తో సహా, దాదాపు ఉన్నదున్నట్టు తీసుకుంది. లింగం అన్న మాటకు రోమ్‌లో ఇచ్చిన వివరణను మాత్రం వదిలేసింది.